ఇంటి బుట్ట

ఆ ఇంట్లో కోసిన కాయలు ఏరడానికి ఒక పద్ధతి ఉండేది. అది అత్తగారి పద్ధతి, అంటే ఎందుకని ఎవరూ అడగని పద్ధతి. షెడ్డులో గోనెపట్టా పరిచి, కోసినవన్నీ దాని మీద కుప్ప పోసేవారు. ఆవిడ పీట వేసుకుని కుప్ప ముందు కూర్చునేది. కాయను చేతిలోకి తీసుకుని ఒక్కసారి తిప్పి చూసేది, అంతే. నున్నగా, నిండుగా, ఎక్కడా మచ్చ లేకుండా ఉన్నవి వెదురు బుట్టలోకి. అది ఇంటి బుట్ట. వాటి తర్వాతివి రేకు బేసిన్‌లోకి. అవి ఇరుగుపొరుగుకి. ఇక మిగిలినవి, చిన్నవీ వంకరవీ తొడిమ దగ్గర పగుళ్లు తేలినవీ, సంచికెక్కి సంతకి పోయేవి.

"నీళ్లు మోసింది మనం, కలుపు తీసింది మనం. మంచిది మనం తినకపోతే ఇంకెవరు తింటారు?" అనేది ఆవిడ, ఎవరైనా కదిపితే. కదిపేవాళ్లు ఎవరూ లేరు.

కోడలు ఆ ఇంటికి కొత్తగా వచ్చిన రోజుల్లో, ఒకనాడు ఇంకా ఎవరూ లేవకముందే అత్తగారు ఆమెను చాళ్ల మధ్యకి తీసుకెళ్లింది. మంచు తడి ఆరని కీరకాయ తుంచి, రెండుగా విరిచి, లేత సగం ఆమె చేతిలో పెట్టింది. "తిను తిను. మీ ఆయన చూశాడంటే వాటాకొస్తాడు" అంది. అప్పటికి అత్తాకోడళ్లిద్దరూ పట్టుమని నాలుగు మాటలు కూడా మాట్లాడుకోలేదు. కాయ కరకరలాడుతుంటే, 'పర్వాలేదు, ఇక్కడ బతికేయొచ్చు' అనుకుంది కోడలు. అలాంటి పొద్దులు తర్వాత ఎన్ని వచ్చాయో! గుర్తు చేసుకుంటే ఇప్పటికీ ఆమెకి నోట్లో నీళ్లూరతాయి, కళ్లల్లో కూడా.

సలహా మేడం ఆ ఇంటికి స్కూటర్ మీద వచ్చేది. చిన్న చిన్న పొలాలవాళ్లు తినగా మిగిలింది అమ్ముకోవడం మాని, అమ్మడం కోసమే పండించి నాలుగు డబ్బులు కళ్లజూడాలని, అందుకు దారి చూపించమని ఏదో ఆఫీసు ఆమెను పంపింది. ఎప్పుడొచ్చినా సలహాయే చెబుతుంది కాబట్టి ఆ పేరు స్థిరపడింది. మంచి పిల్లే. గట్టు మీద నిలబడి వేలు చూపించి మాట్లాడే రకం కాదు. చెప్పులు విప్పి మడిలోకి దిగేది, గోళ్లలో మట్టి ఇరుక్కున్నా పట్టించుకునేది కాదు. టమాటా మొక్కలకి కర్రలు పాతించి, పురికొసలతో పైకి కట్టించింది ఆమే. ఆ ఏడు కాపు విరగబడింది.

ఆ కాపు మీదే ఒకరోజు మేడం వస్తూ వస్తూ ఒక చెక్క పలక తెచ్చింది. దానికి గుండ్రటి కన్నాలున్నాయి, ఒకదాని కంటే ఒకటి పెద్దగా.

"పట్నంలో పెద్ద దుకాణం వాళ్లతో మాట్లాడానండీ. వారం రోజులు చూస్తామన్నారు. రోజు విడిచి రోజు టమాటాలు పంపాలి. నచ్చితే ఏడాది పొడుగునా మన దగ్గరే తీసుకుంటామని రాసిస్తారు" అంది.

కోడలు భర్త వంక చూసింది. అతను పలకను అటూ ఇటూ తిప్పుతూ, కన్నంలో వేలు పెట్టి చూస్తున్నాడు. అతని మనసులో ఏముందో ఆమెకి తెలుసు. నెల మారగానే పట్నంలో గోడౌన్ పనికి రమ్మని అతనికి కబురొచ్చింది. అక్కడే ఉండాలి, సెలవు దొరికినప్పుడు ఇంటికి రావాలి. పక్క పొలం ట్రాక్టరాయన వీళ్ల పొలం కౌలుకి తీసుకుంటానని అప్పుడే గట్టంతా నడిచి అడుగులతో కొలుచుకున్నాడు కూడా. ఆ నడక తలచుకుంటేనే ఆమెకి ఒళ్లు మండేది. సంతకి పోయే సంచితో ఇల్లు ఇక గడవదని తేలిపోయింది. ఈ దుకాణం ఒప్పుకుంటే అతను ఉంటాడు, లేకపోతే వెళ్తాడు. ఈ సంగతి వాళ్లిద్దరి మధ్యే ఉంది. "అమ్మకి మాత్రం చెప్పకు. జరిగేదాకా ఎందుకు దిగులు" అన్నాడు అతను.

మేడం షెడ్డులో చతికిలబడి కాయలు చేతిలోకి తీసుకుని చూపించింది. "ఈ కన్నంలోంచి జారిపోతే చిన్నది. ఇందులో ఆగితే మనకి కావలసింది. రంగు తిరుగుతున్నప్పుడే కోసేయాలి, బాగా పండితే దారిలో చితుకుతుంది. తొడిమ ఊడకూడదు. నీళ్లు తగలనివ్వొద్దు, పొడిగుడ్డతో తుడవండి చాలు. మంచివన్నీ ఒక పక్కకి తీసేయాలి పెద్దమ్మా, అసలు పనంతా అందులోనే ఉంది."

"ఏరడమేగా!" అంది అత్తగారు. "నువ్వు పుట్టకముందు నుంచీ ఏరుతున్నానమ్మా. ఆ చెక్కముక్క నాకెందుకు, చెయ్యి చెప్పదా?"

మేడం నవ్వింది. అందరూ నవ్వారు. క్రేట్లు దింపి, అడుగున కాగితం ఎలా పరవాలో, వరసకీ వరసకీ మధ్య ఎలా వేయాలో చూపించి ఆమె వెళ్లిపోయింది.

మొదటి కోత రోజు తెల్లవారుజామునే మొగుడూపెళ్లాలు చాళ్లలోకి దిగారు. టమాటా ఆకు వాసన ఘాటుగా ఉంటుంది, చేతికి అంటితే ఒక పట్టాన పోదు. కాసేపటికి వేళ్లు పచ్చబడి, తర్వాత నల్లబడి, జిగురుగా తయారవుతాయి. పగిలిన పండొకటి తీసుకుని చేతులకి రుద్దుకుంటేనే ఆ మరక వదిలేది. ఆమె కోస్తుంటే అతను బుట్టలు మోశాడు. షెడ్డులో అత్తగారు ఏరింది. అతను నిండిన క్రేట్లను ఎత్తి, అరువు తెచ్చిన ట్రాలీ ఆటోలో వరసగా పేర్చాడు. పైన కాగితం నీటుగా మడిచి ఉంది. దాని మీద పొడిగోనె కప్పాడు. కోడలు చేతులు కడుక్కుని ముందు సీట్లో ఎక్కి కూర్చుంది.

"అన్నీ ఎక్కాయా?" అంది.

"అమ్మ ఎక్కించమన్నవన్నీ ఎక్కించా" అన్నాడు.

దుకాణం వెనక గేటు దగ్గర సరుకు చూసుకునే మనిషి ఒకడున్నాడు. కళ్లజోడుకి తాడు కట్టి మెళ్లో వేలాడేసుకున్నాడు. కాయ చూడాలంటే పెట్టుకుంటాడు, మనిషిని చూడాలంటే తీసేస్తాడు. ఆయన ముందున్నవాళ్ల క్రేట్లు చూసి పంపించి, వీళ్ల దగ్గరికొచ్చి, కాగితం ఎత్తి, కళ్లజోడు పెట్టుకున్నాడు. పైనుంచి ఒక కాయ తీశాడు. పక్కనుంచి చెయ్యి దూర్చి అడుగునుంచి ఇంకొకటి లాగాడు.

"ఏంటమ్మా ఇవి?"

"టమాటాలండీ."

"టమాటాలని నాకూ తెలుసు" అని ఆయన కాయను ఆమె కళ్ల ముందు పెట్టాడు. తొడిమ చుట్టూ నెర్రెలు. ఇంకోటి ఒక పక్క ఉబ్బి, ఒక పక్క నొక్కుకుపోయి ఉంది. "ఇంట్లో వండుకోడానికి పెట్టుకున్నవి పొరపాటున ఎక్కించుకొచ్చారా?"

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. కోడలికి తల కొట్టేసినట్టయింది. రెండో క్రేటు తీసింది, మూడోది తీసింది. అన్నీ అలాంటివే. చిన్నవి, సొట్టవి, సంతలో కుప్ప పోసి అమ్మేవి. తను తెల్లవారుజామున కోసినవి ఇవి కావు. ఏమని చెబుతుంది?

"తీసుకెళ్లండమ్మా" అన్నాడు కళ్లజోడాయన, ఈసారి కాస్త మెల్లగా. "ఇవి లోపలికి పంపితే నా ఉద్యోగం ఊడుతుంది."

భర్త క్రేట్లు మళ్లీ ఎక్కించాడు. ఎక్కిస్తున్నంతసేపూ ఎవరి మొహమూ చూడలేదు. దారిలో చాలా దూరం వచ్చాక ఆమె అంది, "నేను కోసినవి ఇవి కావండీ."

"మరెవరు కోశారు? నేనా?"

"మీతో పెట్టుకుంటే అంతే" అని ఆమె కిటికీ వైపు తిరిగిపోయింది.

ఇంటికొచ్చి వంటింట్లో అడుగు పెట్టేసరికి సంగతి బోధపడింది. వెదురు బుట్ట పొర్లిపోతోంది. పక్కన బిందె నిండుగా. బిందె పక్కన బకెట్టు. బకెట్టు పక్కన, ఎప్పుడూ వాడని ఇత్తడి గంగాళం తోమి మరీ నింపారు. అన్నీ ఒకే పరిమాణం, ఒకే నునుపు, ఒక్కోదానికి చక్కగా తొడిమ. పొడిగుడ్డతో తుడిచినట్టున్నాయి, వంటిల్లు మెరిసిపోతోంది.

"వచ్చారా?" అంది అత్తగారు, మొహం ఇంత చేసుకుని. "ఒక్క కోతలో ఇన్ని మంచి కాయలు నా జన్మలో చూళ్లేదే. ఆ కర్రలు కట్టించిన పిల్ల చెయ్యి మంచిది, ఏమాటకామాటే చెప్పుకోవాలి."

"అత్తయ్యా, ఇవేంటి?"

"ఇంటివి."

"మరి క్రేట్లలో వేసినవి?"

"అమ్మేవి" అంది ఆవిడ. ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది.

గుమ్మంలో నిలబడ్డ భర్తకి నవ్వాగలేదు. నవ్వీ నవ్వీ గుమ్మం పట్టుకుని అలాగే కిందకి జారి కూర్చున్నాడు. కూర్చున్నాక నవ్వు ఎటుపోయిందో, తల పట్టుకున్నాడు. కోడలికి మాత్రం నవ్వు రాలేదు. గేటు దగ్గర కిసుక్కుమన్న ఆ చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది.

"మంచివి అమ్మాలి అత్తయ్యా! మంచివే అమ్మాలి! మిగతావి మనం తినాలి!"

"మంచివి అమ్మేసి పుచ్చులు మనం తినాలా?" అత్తగారు నిజంగానే తెల్లబోయింది. "నీకేమైనా మతి పోయిందా? ముక్కూ మొహం తెలియని వాడెవడికో నున్నటి కాయ పంపించి, నా కొడుకు కంచంలో సొట్టకాయ వెయ్యనా? నా చేత్తోనా?"

"ఆ కొడుకే ఇక్కడ ఉండడు!" అనేసింది కోడలు. అన్నది కాబట్టి ఇక ఆగలేదు. "నెల మారితే గోడౌన్ పనికి పోతున్నారు ఆయన. పొలం ట్రాక్టరాయన దున్నుతాడు. మీరు అప్పుడు ఎవరి కాయలు ఏరతారో ఏరండి, ఎవరి కంచంలో వేస్తారో వెయ్యండి!"

అన్న మరుక్షణమే కోడలు నాలుక కరుచుకుంది. భర్త తలెత్తలేదు.

"నిజమేనట్రా?" అంది అత్తగారు.

"ఇంకా ఏమీ అనుకోలేదమ్మా."

"అనుకోకుండానే దీని నోటికొచ్చిందా?" అని ఆవిడ కాసేపు కొడుకు నెత్తి వంక చూస్తూ నిలబడింది. తర్వాత కత్తిపీట లాక్కుని కూర్చుని, బుట్టలోంచి ఒక కాయ తీసి కోయడం మొదలుపెట్టింది.

కోత రోజు పక్కింటి పిన్ని గిన్నె పట్టుకుని రావడం మామూలే. ఆవిడా అత్తగారూ ఒక ఈడువాళ్లు, వరసకి ఏమీ కాకపోయినా అక్కాచెల్లెళ్లని పిలుచుకుంటారు. "అక్కా, ఎవరో పోయినట్టు కూర్చున్నారేంటి అందరూ?" అంది పిన్ని. అత్తగారు లేచి బిందెలోంచి తీసి ఆ గిన్నె నింపింది. గిన్నె నిండాక పిన్ని ఒళ్లో కూడా వేసింది. "చాల్లే అక్కా, ఇన్నెందుకు?" అంటున్నా వినిపించుకోలేదు. ఆ రోజు సాయంత్రంలోగా చుట్టుపక్కల కాయలు చేరని ఇల్లంటూ లేదు. ఆ రెండు రోజులూ ఆ ఇంట్లోవాళ్లు తిన్న టమాటాలు అన్నీ ఇన్నీ కావు. కూరలో అవే, పచ్చివి ఉప్పద్దుకుని అవే. ఎంత బాగున్నాయో! తింటున్న ప్రతిసారీ కోడలికి తిరిగొచ్చిన క్రేట్లు గుర్తొచ్చేవి. అయినా తినేది, ఎందుకంటే వడ్డించింది అత్తగారు.

మర్నాడు మేడం వచ్చింది. సంగతి విని, "తప్పు నాదే పెద్దమ్మా. 'మంచివి' అన్నాను గానీ ఎవరికో చెప్పలేదు. మా అమ్మయినా ఇలాగే చేసి ఉండేది" అంది. దుకాణానికి ఫోన్ చేసి, బతిమాలి, చీవాట్లు తిని, చివరికి ఇంకొక్కసారి చూసేలా ఒప్పించింది. "ఈసారి తేడా వస్తే మాత్రం నేను కూడా చెయ్యగలిగింది లేదండీ" అంది పోతూ పోతూ.

"రేపు నేనే ఏరతాను. మీరు కాస్త విశ్రాంతి తీసుకోండి అత్తయ్యా" అంది కోడలు. ఎంత మెత్తగా అనాలనుకుందో అంత మెత్తగా రాలేదు మాట.

అత్తగారు లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

తెల్లారి మొదటి బుట్ట మోసుకుని కోడలు షెడ్డు దగ్గరికొచ్చేసరికి ఆవిడ అప్పటికే పీట మీద ఉంది. ముందు చెక్క పలక. పొడిగుడ్డ ఒళ్లో. వెదురు బుట్ట దూరంగా, గోడ మూలకి జరిపి ఉంది. కోడలు బుట్ట దింపి నిలబడింది.

"నిలబడి ఏం చూస్తావు, పొద్దెక్కుతోంది" అంది అత్తగారు.

కుప్ప పోసింది. ఆవిడ కాయ తీసుకుంది, తిప్పింది, కన్నంలో పెట్టి చూసింది, తుడిచింది, క్రేటులో తొడిమ పైకి వచ్చేలా పెట్టింది. ఇంకోటి తీసుకుంది. ఒకసారి మాత్రం అలవాటుకొద్దీ చెయ్యి వెదురు బుట్ట వైపు పోయింది. బుట్ట అక్కడ లేదు. చెయ్యి కాసేపు గాల్లోనే ఆగి, తిరిగి క్రేటు దగ్గరికి వచ్చింది. కోడలు ఆ చెయ్యి చూసి మొహం తిప్పుకుని గబగబా చాళ్లలోకి వెళ్లిపోయింది. అక్కడ కర్రల మధ్య కూర్చుని కాసేపు ఏడ్చింది. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది. తను కావాలన్నదే కదా జరుగుతోంది!

తర్వాత బుట్టలు తెచ్చినప్పుడు చూస్తే, తను కూడా పర్వాలేదనుకున్న కాయలు పక్కకి పడి ఉన్నాయి. "ఇదెందుకు తీసేశారత్తయ్యా? బాగానే ఉందిగా?" అంటే, "తొడిమ పక్కన గీత చూడు. ఆ కళ్లజోడాయన చూడడా?" అంది ఆవిడ.

పిన్ని ఆ వేళకి గిన్నెతో రానే వచ్చింది. వరసగా పేర్చిన క్రేట్లు చూసి, "అబ్బో, బంగారంలా ఉన్నాయే!" అంది.

అత్తగారు తలెత్తలేదు. "ఇవాళ కాదే" అంది.

"ఏం, కాపు తగ్గిందా?"

"కాసింది. ఇవి పోవాలి." ఆవిడ పక్కకి తీసినవాటిలోంచి కాస్త నయమైనవి ఎంచి గిన్నెలో వేసింది. "ఇవి కూరకి పనికొస్తాయి. పట్టుకెళ్లు."

పిన్ని గిన్నెలోకి చూసుకుంది. ఒక కాయ పగులు మీద బొటనవేలు పెట్టి రాసింది. "బాగుపడుతున్నారన్నమాట" అంది నవ్వుతూ. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు, అదే అన్యాయం. ఉంటే తిరిగి ఒక మాట అనొచ్చు. పిన్ని వెళ్లిపోయాక అత్తగారు చాలాసేపు ఒకే కాయను తుడుస్తూ ఉండిపోయింది.

గేటు దగ్గర కళ్లజోడాయన కాగితం ఎత్తాడు. అడుగునుంచి లాగాడు, మధ్యనుంచి లాగాడు. ఇంకో క్రేటు చూశాడు. కళ్లజోడు తీసి కోడలి వైపు చూశాడు.

"ఇవి ఎవరు ఏరారమ్మా?"

"మా అత్తయ్యండీ."

"మొన్నటివి?"

"అవీ ఆవిడేనండీ."

ఆయన ఏదో అడగబోయి మానేశాడు. లోపలికి చెయ్యూపి, "దింపండి" అన్నాడు. భర్త క్రేటు ఎత్తుతూ ఆమె వైపు చూసి కన్ను గీటాడు, పెళ్లయిన కొత్తలో గీటినట్టు. చాలా కాలమైంది అతను అలా చూసి. పట్నం నుంచి వస్తున్నంతసేపూ ట్రాలీ ఆటో గతుకుల్లో ఎగిరెగిరి పడుతుంటే ఇద్దరూ నవ్వుకుంటూనే ఉన్నారు.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర కూరలో మిగిలిన కాయలే ఉన్నాయి. చెడ్డ భాగం కోసి పారేయగా మిగిలినవి చిన్న చిన్న ముక్కలు. కొడుకు కంచంలో వడ్డిస్తున్నప్పుడు ఆవిడ గరిటె ఒక్క క్షణం ఆగింది.

"బ్రహ్మాండంగా ఉందమ్మా" అన్నాడు కొడుకు, ముద్ద ఇంకా నోట్లో పెట్టుకోకుండానే.

"ఉడికాక ఏ కాయ మొహం ఎవరికి తెలుస్తుందిలే, తిను" అంది ఆవిడ. "నువ్వు ఇక్కడ కూర్చుని తింటే చాలు."

వారం గడిచింది. ఒక్క క్రేటు కూడా తిరిగి రాలేదు. మేడం కాగితాలు పట్టుకుని స్కూటర్ దిగేటప్పుడే నవ్వుతూ దిగింది. భర్త సంతకం పెట్టాడు. గోడౌన్‌వాళ్లకి రావడం లేదని కబురు చేశాడు. ట్రాక్టరాయన గట్టు దగ్గర కనిపించి, "అయితే కౌలు లేదన్నమాట" అంటే, కోడలు కావాలనే గట్టిగా "లేదండీ!" అంది. ఆ ఒక్క మాట అనడంలో ఉన్న హాయి ఆమెకి రోజంతా మిగిలింది.

"ఇంటికీ నాలుగు మంచివి ఉంచుకోండి పెద్దమ్మా, ఎవరూ వద్దనరు" అంది మేడం పోయే ముందు.

"ఉంచుకుంటాంలే అమ్మా" అంది అత్తగారు.

మరుసటి కోతనాడు పొద్దున మంచు కురిసింది. గాలి చల్లగా ఉంది, ఆకుల మీద నీళ్లు జారుతున్నాయి. పాత రోజుల్లో పొద్దు ఎలా ఉండేదో అలాగే ఉంది. చివరి బుట్ట దింపి కోడలు కూడా షెడ్డులో అత్తగారి పక్కన కూర్చుంది. ఇద్దరూ మాట్లాడుకోకుండా ఏరుతున్నారు. ఇప్పుడు కోపాలేమీ లేవు. అత్తగారి పనిలో తొందర కూడా లేదు. భర్త బయట ఆటో తుడుచుకుంటూ ఈల వేస్తున్నాడు. ఇల్లు నిలబడింది, మనిషి నిలబడ్డాడు. ఇంకేం కావాలి అనుకుంది కోడలు. అయినా గుండెలో ఏదో గుచ్చుకుంటూనే ఉంది.

ఆమె చేతిలోకి ఒక కాయ వచ్చింది. చూడగానే చెయ్యి ఆగిపోయింది. ఒక్కో కోతలో ఒక్కటే వస్తుంది అలాంటిది, నిండుగా, ఎరుపు అప్పుడే ఒళ్లంతా పాకుతూ, ఇంకా చల్లచల్లగా. ఇలాంటిది తన చేత్తో అత్తగారికి ఎప్పుడూ పెట్టలేదని ఆమెకి తోచింది. ఇన్నాళ్లూ ఆవిడే పెట్టింది, తను తిన్నది.

"అత్తయ్యా, ఇది మీరు తినండి" అంటూ అందించింది.

అత్తగారు అందుకుంది. పొడిగుడ్డతో తుడిచింది. తొడిమ చుట్టూ చూసింది. కింద చూసింది. వెలుగు వైపు పట్టుకుని మెల్లగా తిప్పి తిప్పి చూసింది. ఎక్కడా ఏమీ కనిపించలేదు కాబోలు, అర్థం కానట్టు కోడలి మొహంలోకి చూసింది.

"ఎందుకే? దీనికేమైంది? బాగానే ఉందిగా!"

ఆవిడ ఆ కాయను క్రేటులో, తొడిమ పైకి వచ్చేలా జాగ్రత్తగా పెట్టి, తర్వాతి దాని కోసం చెయ్యి చాపింది.